ఇంట్లో ఉండిపోయిన పిల్ల

ఎంట్రన్స్ ర్యాంకులు వచ్చిన ఆ మధ్యాహ్నం, ఆళ్లగడ్డలోని తన ఇంట్లో సంతోషించాలో ఏడవాలో రూతుకు తెలియలేదు. కవల పిల్లల్లో సిరికి మంచి ర్యాంకు వచ్చింది. అనంతపురంలో కోరిన ఇంజనీరింగ్ సీటు ఖాయమని సిరి చదివిన నంద్యాల కాలేజీవాళ్లు ఫోన్ చేసి మరీ చెప్పారు. ఫ్లెక్సీలో వేయడానికి ఫోటో కూడా అడిగారు. ప్రవళిక ర్యాంకును మాత్రం ఎవరూ పైకి చదవలేదు... ఆ ర్యాంకుకు మంచి కాలేజీ ఏదీ రాదు.

రూతు వంటింటి గోడకు ఆనుకుని కూలబడింది. ప్రాథమిక పాఠశాలలో టీచరుగా రోజంతా గొంతు చించుకోవడం, ఇంటికొచ్చి మంచాన పడిన అత్తగారికి ఒళ్లు తుడవడం... ఆ అలసటలన్నిటికీ అలవాటు పడింది. ఈ అలసట వేరు. ఇది ఎముకల్లోంచి వస్తోంది.

రెండేళ్ల కిందట పదో తరగతిలో ప్రవళికకే నాలుగు మార్కులు ఎక్కువ. ఇద్దరినీ నంద్యాల హాస్టల్లో చదివించే స్తోమత లేదు. సరిగ్గా ఆ నెలలోనే అత్తగారు కమలమ్మకు పక్షవాతం వచ్చింది. "సిరి పిరికిది, వెనకపడి చదివించే సార్లు ఉండాల దానికి. ప్రవళిక యాడున్నా చదువుకుంటాది" అని ఆనాడు అన్నది రూతే. సిరి నంద్యాలకు పోయింది, ప్రవళిక ఎదురు చెప్పలేదు. అవ్వను చూసుకుంటూ ఊళ్లోనే ఒక చిన్న కాలేజీలో చేరింది. అక్కడ ఫిజిక్స్ చెప్పే సారు ఏడాది మధ్యలోనే మానేశాడు. మళ్లీ ఎవరూ రాలేదు.

ఇప్పుడు ముందుగదిలో అవ్వ కాళ్లకు నూనె రాస్తున్నది కూడా ఆ పిల్లే.

"ఒక్క కడుపున పుట్టినా తలకాయలు ఒకటైతాయా? దేవుడు సిరికిచ్చినాడు, దీనికి ఇయ్యలే" అంది కమలమ్మ.

ప్రవళిక చేయి ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది.

"ఊరుకోమ్మా" అన్నాడు రూతు భర్త ఫ్రాన్సిస్. బస్సు డ్యూటీ దిగి అప్పుడే వచ్చాడు, ఖాకీ చొక్కా ఇంకా విప్పలేదు. "డిగ్రీలో చేర్పిద్దాంలే. ఇంటిపట్టున ఉంటాది, నీకూ తోడైతాది."

అంత సులువుగా తేలిపోయిందా దాని బతుకు... అనుకుంది రూతు.

ప్రవళిక చేతులు కడుక్కుని వచ్చి తల్లి ఎదురుగా నిలబడింది. "అమ్మా, ఒక మాట అడుగుతా. అబద్ధం చెప్పద్దు. నన్ను నంద్యాలకు పంపించి సిరిని ఈడ ఉంచింటే... ఆ ర్యాంకు నాకొచ్చేదా?"

అవునంటే సిరి సంతోషం మీద మన్ను పోసినట్టు. కాదంటే ఈ బిడ్డ లోపల ఏదో శాశ్వతంగా ఆరిపోతుంది...

"వచ్చేది" అంది సిరి. ఎప్పుడొచ్చి నిలబడిందో, గడప దగ్గర కళ్లు తుడుచుకుంటోంది. "నాకంటే మంచిదే వచ్చేది. మాకు వారం వారం అట్లాంటి పరీక్షే పెట్టినారు నాయనా. లెక్క చూస్తానే చెయ్యి దానంతట అదే పోయింది. దానికి చెప్పే సారే లేడు. అవ్వ మంచం కాడ కూర్చోని ఒక్కతే చదివింది. నా తలకాయ గొప్పది కాదవ్వా, నేను కూర్చున్న బెంచీ మంచిది."

"వచ్చేది తల్లీ" అంది రూతు. "నువ్వు ఓర్చుకుంటావని నిన్ను ఉంచేసినా. ఓర్చుకునే బిడ్డ మీదనే అన్నీ మోపినా."

రెండేళ్లలో ప్రవళిక ఏడవడం ఎవరూ చూడలేదు. ఇప్పుడు తల్లి ఒళ్లో తల పెట్టుకుని పసిదానిలా ఏడ్చింది. "ఈ మాట ఎవరన్నా అంటారేమోనని చూస్తానే ఉండానమ్మా..."

కాసేపటికి రూతు తల ఎత్తింది. "సిరి ఫీజు సర్కారు కడతాది. ఈ ఏడు ప్రవళిక నంద్యాలలో కోచింగుకు పోతాది."

"మరి అమ్మను ఎవరు చూస్తారు?" అన్నాడు ఫ్రాన్సిస్.

"ఆమెకు మీరుండారు, పాణ్యంలో మీ తమ్ముడు ఫిలిప్ ఉండాడు. నేనుండా. చిన్నపిల్ల ఒక్కతే ఉందా ఈ ఇంట్లో?"

ఫ్రాన్సిస్ ఖాకీ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. "రేపటి నుంచి పొద్దున పని నేను చేస్తా" అన్నాడు చివరికి.

నెల తిరక్కముందే రూతు కూతుర్ని నంద్యాల హాస్టల్లో దించింది. మళ్లీ ర్యాంకు వస్తుందో రాదో, ఎవరు చెప్పగలరు? ప్రవళిక కూడా పెద్ద ఆశలేమీ మాట్లాడలేదు. "పోయొస్తామ్మా" అని మాత్రం అని లోపలికి నడిచింది.

సాయంత్రం రూతు ఇల్లు చేరేసరికి కాళ్లు మొద్దుబారిపోయాయి. అత్తగారికి అన్నం కలిపి తెచ్చి ముద్ద అందించబోయింది. కమలమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

"నన్ను పాణ్యం పంపద్దు రూతూ. గిన్నె నా ఎడమ పక్క పెట్టు."

బాగున్న ఎడమ చేత్తో మొదటి ముద్ద ఎత్తుకుంది ముసలామె. సగం మెతుకులు దుప్పటి మీద రాలాయి. రెండో ముద్దకు కొంచెం తక్కువ రాలాయి.

"ఆ పిల్లకు ఫోన్ చేసినప్పుడు చెప్పు" అంది నములుతూ, "అవ్వ తన చేత్తోనే తింటాందని."