రామక్కపేట పుస్తకాల గది

"మన ఏజెంట్ రాకేశ్‌ను పొద్దున బాచుపల్లిలో చంపేశారు" అన్నాడు చీఫ్ భాస్కర్.

మాదాపూర్‌లో ఏడో అంతస్తు. తలుపు మీద సాఫ్ట్‌వేర్ కంపెనీ బోర్డు ఉంది కానీ, లోపల ఒక్కరికీ కోడింగ్ రాదు. ఏజెంట్ రేఖ కాఫీ కప్పు పక్కన పెట్టింది.

"నగరంలోని ఆస్పత్రులన్నింటికీ కరెంటు ఆపేసే కోడ్ ఒక మెమరీ చిప్‌లో ఉంది. విదేశీ ముఠాకు చిక్కకుండా దాన్ని రాకేశ్ రామక్కపేటలో, రచయిత వెంకటనారాయణ మ్యూజియంలో, ఒక పుస్తకంలో దాచాడు. ఏ పుస్తకమో లావణ్యకు తెలుసు. అటే బయల్దేరింది."

లావణ్య! మొన్నటిదాకా ఇదే ఆఫీసులో జీతం తీసుకుంటూ ముఠాకు పనిచేసిన అందగత్తె.

"అక్కడ నాలుగు వేల పుస్తకాలు. వెతికే టైం లేదు. ముందు చేరి తగలబెట్టెయ్."

"తగలబెట్టను సర్. చిప్ తెస్తాను."

"తేలేకపోతే? వెంటిలేటర్ల మీద ఎంతమంది ఉన్నారో తెలుసా?"

తెలుసు. వాళ్ళలో ఒక్కరు పోయినా పాపం తనదే. అయినా పుస్తకాలకు నిప్పు పెట్టడానికి రేఖ ఈ ఉద్యోగంలో చేరలేదు.

రోడ్ ట్రిప్‌కు బయల్దేరిన ఐటీ అమ్మాయి వేషం వేసింది. టోపీ, కూలింగ్ గ్లాసెస్, షాక్ కొట్టే సెల్ఫీ స్టిక్. గోపన్‌పల్లి అపార్ట్‌మెంట్లు దాటాక కారును ఉరికించింది.

మ్యూజియం ఒక పెంకుటిల్లు. గైడైనా వాచ్‌మనైనా పోచమ్మే.

"చెప్పులు ఈడ్నే ఇడువు బిడ్డా. జర మెల్లగ తిరుగు, సారు పుస్తకాలు పాతయి."

లోపల పట్టుచీరలో లావణ్య. చిప్ అప్పటికే ఆమె ఫోన్‌లో ఉంది. అప్‌లోడ్ తొంభై శాతం. రేఖను చూడగానే పిస్టల్ తీసింది.

రేఖ సెల్ఫీ స్టిక్ నొక్కింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"మళ్ళీ చార్జింగ్ పెట్టలేదా?" లావణ్య నవ్వింది. "ఈ చెత్త కోసమా ఇంత దూరం వచ్చావు?"

చేతిలోని పుస్తకాన్ని విసిరేసింది. అది రేఖ కాలికి తగిలింది.

తర్వాత జరిగింది ఏ ట్రైనింగ్ మాన్యువల్‌లోనూ లేదు. రేఖ చటుక్కున వంగి పుస్తకాన్ని కళ్ళకద్దుకుంది. ఎదురుగా తుపాకీ ఉన్నా అలవాటు అలవాటే! మీదికి దూకుతోందనుకుని లావణ్య ట్రిగ్గర్ నొక్కేసింది. గుండు రేఖ నెత్తి మీదుగా పోయి గోడలో దిగింది. వంగిన రేఖ వంగినట్టే దూసుకెళ్ళి లావణ్య కాళ్ళు పట్టి లాగింది. పిస్టల్ ఒక మూలకు, ఫోన్ ఇంకో మూలకు ఎగిరిపడ్డాయి.

"ఆ ఫోన్ పగలగొట్టమ్మా!"

పోచమ్మ తలుపుకు అడ్డం పెట్టిన రాయెత్తి ఒక్కటేసింది. తొంభై తొమ్మిది దగ్గర స్క్రీన్ ఆరిపోయింది.

రేఖ బేడీలు వేసింది. పోచమ్మ మాత్రం రాయి దించలేదు.

"సారు పుస్తకాలు చెత్తనా? ముందుగాల దండం పెట్టు!"

ముఠా రాణి బేడీల చేతులతోనే పుస్తకాన్ని కళ్ళకద్దుకుంది. రేఖకు కడుపు నిండిపోయింది.

భాస్కర్ ఫోన్ చేశాడు. "తగలబెట్టావా?"

"లేదు సర్. మిషన్ సక్సెస్. చిప్ దొరికిన పుస్తకాన్ని సాక్ష్యంగా తెద్దామంటే, బయటికి పోనియ్యనంటోంది పోచమ్మ."

"ఆర్డర్ పంపనా?"

"వద్దు సర్. ఆర్డర్లంటే ఈమెకు నాకున్నంత గౌరవం కూడా లేదు."