ఐసు ఫ్యాక్టరీలో గురక

పాత ఐసు ఫ్యాక్టరీకి మంచి పేరు లేదు. మూతపడి ఏళ్ళయినా లోపల ఎవరో ఉన్నారట. చీకటి పడ్డాక అటుగా పోతూ దగ్గితే... లోపలినుంచి తిరిగి దగ్గుతారట!

అద్దె తక్కువని రేడియోలు బాగుచేసే ఆయన అక్కడే పాటల కార్యక్రమం పెట్టాడు. వేణువు ఊదే టీచరమ్మ, నోటితో డోలు వాయించే బస్సు కండక్టరు, కత్తెరతో తాళం వేసే టైలరు... ఎవరికి తోచింది వాళ్ళు అప్పటికప్పుడు వాయించడమే. ఒక్కో మనిషి పదిమంది పెట్టు వినిపిస్తాడట. ఎలాగో మరి!

ముందురోజు సాయంత్రం ప్రాక్టీసుకని వెళ్ళిన టైలరు రాత్రయినా ఇంటికి రాలేదు.

భార్య గుమ్మంలోకీ ఇంట్లోకీ తిరిగి తిరిగి చూసింది. ఆవిడకి చీకటంటే భయం. దానికి తోడు గొంతు పక్కగదిలోకి కూడా పోదు. "పిలిచావా, ఊపిరి పీల్చావా?" అని ఆయన ఎప్పుడూ ఆటపట్టిస్తాడు. అయినా టార్చి పట్టుకుని బయల్దేరింది.

ఫ్యాక్టరీ తలుపు తోసింది.

గుర్ర్ర్... ఫీ.

ఆగింది. ఇంకో మూలనుంచి — గుర్ర్ర్... ఫీ. ఆపైన ఇంకోటి. చూస్తుండగానే హాలంతా గురకే!

టార్చి వేసింది. కుర్చీలన్నీ ఖాళీ.

చివర్లో ఆ 'ఫీ' ఉందే... పెళ్ళయిన నాటినుంచి వింటున్నది. ప్రతి గురకా ఆయనదే! "భగవంతుడా, ఒక్కడితోనే వేగలేకపోతుంటే... ఇంతమందా!"

వెలుగు వేదిక మీద పడింది. కుర్చీలో ఆయన. తల వెనక్కి వాలింది, నోరు తెరిచి ఉంది. ఒక్క కాలు మాత్రం కొట్టుకుంటోంది.

ఆయన ఊపిరిని దెయ్యాలు పంచుకుంటున్నాయి!

"ఏవండీ..." గురకల్లో కలిసిపోయింది. "ఏవండీ..." ఊహూ.

ఇన్నేళ్ళూ దాచుకున్న గొంతంతా ఒక్కసారి బయటికొచ్చింది —

"లేవండీ!"

ఆయన ఎగిరిపడి లేచాడు. ఇంతలో చీకట్లోంచి ఎవరో అచ్చం ఆవిడలాగే — "లేవండీ!"

ఇక చూడండి పరుగు! ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది.

తెల్లారి రేడియో ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "దెయ్యం కాదు వదినా, కాలికింద పెట్టె! దాన్ని నొక్కితే చప్పుడు పట్టుకుని, తిప్పి తిప్పి వినిపిస్తుంది. అన్నయ్య నిద్రలో కూడా కుట్టుమిషను తొక్కుతూనే ఉన్నాడు. తొక్కినప్పుడల్లా ఇంకో గురక ఎక్కింది. ఆఖర్న నీ కేకా ఎక్కింది!"

ఊరుకున్నాడా? రాత్రి కార్యక్రమంలో అదే పెట్టాడు. గురక తాళం, దానిమీద వేణువు. జనం తలలూపుతున్నారు. ఉన్నట్టుండి —

"లేవండీ!"

హాలంతా లేచి నిలబడింది.

ఆవిడ చేతుల్లో మొహం దాచుకుంది. "మా ఆవిడే! మా ఆవిడ గొంతే!" అని టైలరు అందరికీ చూపించాడు. ఒకటే నవ్వులు, చప్పట్లు. రేడియో ఆయన పెట్టె వైరు పీకేశాడు. అంతా నిశ్శబ్దం... కూర్చోబోయారు.

అప్పుడు, ఐసు గది లోపలినుంచి, ఎవరిదో ముసలి గొంతు —

"కాస్త నెమ్మదమ్మా... నిన్న కూడా నిద్ర లేదు."

లేచినవాళ్ళు మళ్ళీ కూర్చోలేదు.