ఒక్క శాతం తేమ

1986 మే నెల. ఆగిరిపల్లి మామిడితోట బంగళాలో ఏజెంట్ గంగరాజు ఊపిరాడక చచ్చిపోయి అప్పటికి పన్నెండు రోజులు. అతన్ని చంపింది ఒక థర్మోస్టాట్! గోడకు బిగించిన ఆ విదేశీ పరికరంలో తేమ కొలిచే సెన్సర్ ఉంది. మూసిన గదిలో మనిషి ఊపిరికి తేమ పెరిగి, ముల్లు ఎనభైని తాకిందంటే విషవాయువు బుస్సుమంటుంది.

గంగరాజును లోపలికి పంపి తలుపేసింది పుష్పవతి. పైకి మామిడిపళ్ళ ఎగుమతి కంపెనీ యజమానురాలు. మన డిపార్ట్‌మెంట్ జీతం తీసుకుంటూ పరాయి దేశానికి పనిచేసే డబుల్ ఏజెంట్. నోట్లో వేలు పెట్టినా కొరకనట్టుండే అందగత్తె.

"ఆమె నాకు ప్రాణాలతో కావాలి," అన్నాడు చీఫ్. "రేపు మూడింటికి బెజవాడ నుంచి కొరియర్ ఫోన్ చేస్తాడు. ఆమె కోడ్ మాట చెప్పిందంటే మన రాకెట్ డ్రాయింగులు దేశం దాటిపోతాయి. ఆమె నోరు విప్పకుండా ఏడు నిమిషాలు లైను నిలిస్తే, ఎక్కణ్ణుంచి చేస్తున్నాడో ఎక్స్‌చేంజిలో కనిపెట్టి వాణ్ణి పట్టేస్తాం."

"అలాగే సార్," అన్నాడు ఏజెంట్ బసవపున్నారావు. గంగరాజు అతని తోడబుట్టిన అన్న.

కాయలు మాగవేసే కూలీ వేషంలో తోటలో చేరాడు. మర్నాడు పొద్దున్న పుష్పవతి నూజివీడు వెళ్ళగానే థర్మోస్టాట్ మూత విప్పాడు. సెన్సర్ తీగలు ఊడదీసి, ఆ చోట చిన్న రెసిస్టర్ అతికించాడు.

మూడుకు ఐదు నిమిషాలుండగా ఆమె థర్మోస్టాట్ బయటి స్విచ్ ఆపి, ఫోనున్న ఆ గదిలోకి వెళ్ళింది. వరిగడ్డిలో సగం మాగిన రసాల గంప ఎత్తుకుని అతనూ వెళ్ళాడు. గంప దించి, బయటికొచ్చి, గడియ పెట్టి స్విచ్ వేశాడు. ముల్లు లేచి డెబ్భై తొమ్మిది మీద నిలబడింది.

"మాగే కాయ చెమరుస్తుందని తెలుసుగా అమ్మగారూ," అన్నాడు తలుపు అద్దంలోంచి. "ఇంకొక్క శాతమే. నువ్వు నోరు విప్పితే చాలు. మా అన్న ఎలా పోయాడో నువ్వే చూశావు."

ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. చేసుకున్నవాళ్ళకు చేసుకున్నంత! అతను తనివితీరా చూశాడు.

ఫోన్ మోగింది. ఆమె ఎత్తింది. తలుపు పక్కనున్న రెండో ఫోన్ అతను ఎత్తాడు.

"రసాలు కోశారాండీ?" కొరియర్ గొంతు.

పుష్పవతి ఊపిరి బిగబట్టి ముల్లు వంకే చూస్తోంది. అవతలివాడికి అనుమానమే రాలేదు. ట్రంక్ కాలంటే ఆమాత్రం ఉంటుంది కదా! హలో, హలో అని ఆరు నిమిషాలు గొంతు చించుకున్నాడు. ఏడో నిమిషంలో తోపులాట వినిపించింది. తర్వాత చీఫ్ గొంతు, "దొరికాడు," అని.

బసవపున్నారావు తలుపు తీశాడు. ఆమె బయటికొచ్చి గోడకు జారగిలబడింది. గ్యాస్ ఎందుకు రాలేదని గొణిగింది.

"సెన్సర్ తీగలు పొద్దున్నే ఊడదీశా, ముల్లు డెబ్భై తొమ్మిది దాటదు. ఒక్క మాట అనుంటే నెగ్గేదానివి," అన్నాడు అతను, చేతులకు బేడీలు వేస్తూ. "ఇక తీరిగ్గా మాట్లాడు. రాసుకోడానికి డిపార్ట్‌మెంటంతా కాచుక్కూర్చుంది."