యేసయ్య పేరు తీసేసిన పాట

శనివారం పొద్దున్నే అమెరికాలో, మెంఫిస్ పట్నంలోని తమ వంటింట్లో ఒడెస్సా ఇనుప దువ్వెనను పొయ్యి మీద కాల్చి, కూతురు వెర్లీన్ ఉంగరాల జుట్టు సాపు చేస్తోంది. ఊరూరా తిరిగి ప్రేమపాటలు పాడే వెర్లీన్, పుట్టిన ఊళ్లో పాడటం ఆ సాయంత్రమే మొదలు. ఈ ఒక్కసారైనా అమ్మ వస్తే చాలని ఆమె కోరిక. చర్చిలో పాటల బృందం, క్వయరు, నడిపే ఒడెస్సా ఇంతవరకూ కూతురి కచేరీ గడప తొక్కలేదు.

అంతలో రేడియోలో వెర్లీన్ కొత్త పాట మొదలైంది. పల్లవి పూర్తవకముందే దువ్వెన ఆగిపోయింది.

"ఇది నా పాటేనే. చర్చి కోసం నేను కట్టుకున్నది. 'యేసయ్యా, నా చెయ్యి వదలకు' అన్నచోట ఎవడో ప్రియుణ్ణి తెచ్చి నిలబెట్టావా?"

"మన నల్లజాతి పాటగాళ్లందరూ చేసేదేగా అమ్మా. ప్రభువు పేరు పెడితే చర్చిపాట, తీసేస్తే ప్రేమపాట."

"రేపు క్వయరు ముందు మొహం ఎక్కడ పెట్టుకోను? పాస్టరుగారి భార్య నోరు అసలే ఊరుకోదు. కదలకు, చెవి కాలుతుంది."

వెర్లీన్ కదలకుండానే ఎదురు చెప్పింది. "పాస్టరమ్మ సంగతి వదిలెయ్. నీకే నచ్చలేదు. నేను అంత తప్పుగా పాడానా?"

ఒడెస్సా దువ్వెన పక్కన పెట్టి కుర్చీలో కూలబడింది. అమ్మది కోపం కాదని, భయమని వెర్లీన్‌కి అప్పుడు అర్థమైంది.

"ముందు పేరు మార్చింది నేనే. మీ నాన్న పని కోసం డెట్రాయిట్ రైలెక్కి వెళ్లి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు కదా. అప్పుడు ఆయన కోసమే కట్టానే ఈ పాట. మగాడి కోసం ఏడ్చే పాట చర్చిలో పాడనిస్తారా? అందుకని యేసయ్యని పెట్టాను. అందరూ ఆమెన్ అన్నారు. దేవుణ్ణి మోసం చేస్తున్నానని నేను మాత్రం ప్రతి ఆదివారం కుమిలిపోయాను. ఇప్పుడు నా గుట్టు ఊరంతా విన్నట్టుంది."

వెర్లీన్ తల్లి చేతులు పట్టుకుంది. "ఎవరి కోసం పాడావో ప్రభువుకి తెలియదనుకున్నావా? తెలిసే విన్నాడమ్మా."

ఒడెస్సాకి దుఃఖం ఆగలేదు. ఏడ్చి ఏడ్చి, చివరికి సన్నగా గొంతెత్తింది. "లూషస్, నా చెయ్యి వదలకు..."

నాన్న పేరు అమ్మ నోట వినడం వెర్లీన్‌కి అదే మొదటిసారి. ఆమె కూడా గొంతు కలిపింది.

పాట అయ్యాక ఒడెస్సా కళ్లు తుడుచుకుంది. "సాయంత్రం నేను ముందు వరసలోనే కూర్చుంటాను. కాస్త నిదానంగా పాడు. మీ నాన్న ఎక్కిన రైలు అంత తొందరగా ఏం కదల్లేదు."