ఏడో పేరు

"మన అసలు జాబితాలో ఏడు పేర్లున్నాయి. ఏడోది మీ తమ్ముడిది."

టూరిస్టు బస్సుల డిపోలో, గైడ్లు బట్టలు మార్చుకునే గదిలో, ఇస్త్రీ బల్ల అంచున కూర్చుని చీఫ్ ఆ మాట అన్నాడు. మాస్టారు నీలం యూనిఫాం బొత్తాలు పెట్టుకోవడం ఆపలేదు. పదేళ్లపాటు కొత్త ఏజెంట్లకు పాఠాలు చెప్పినందుకు డిపార్టుమెంటులో అందరికీ అతను మాస్టారే.

"సరిహద్దు అవతల మనవాళ్లు ఏడుగురే," అన్నాడు చీఫ్. "ఆ పేర్లు రహస్యాలమ్ముకునే చిలక చేతిలో పడ్డాయి. పదకొండు గంటల ఓపెన్ టాప్ బస్సులో అవతలి ముఠా మనిషికి అందిస్తుంది. అందిన గంటలో అందరూ శవాలే."

"వేరే కాపీ?"

"ఉండదు. ఒక్క ఫోన్లోనే పెట్టి అమ్మడం ఆవిడ పద్ధతి. ఫోను లాక్కో, పేర్లు లెక్కపెట్టి రేడియోలో నాకు అంకె చెప్పు, తగ్గితే ఎవరిదో కూడా చెప్పు, అక్కడే ధ్వంసం చెయ్యి. ఆఫీసుకి తేవద్దు. అక్కడ గోడల్ని కూడా నమ్మలేకుండా ఉన్నాను."

"లెక్క దేనికి సార్?"

"పేర్లు అమ్మింది ఆ ఏడుగురిలోనే ఒకడై ఉంటే, తన పేరు తను ఇచ్చుకోడుగా. ఆవిడ జాబితాలో లేనివాడే దొంగ. వాణ్ని అక్కడే లేపేస్తాం."

"విచారణ లేకుండానా?"

"విచారణకి టైమెక్కడుంది? ఏడూ ఉన్నాయంటే మాత్రం లీకు మన ఆఫీసులోనే. అది నేను చూసుకుంటాను."

మాస్టారు జేబులో టికెట్ పంచ్ వేసుకున్నాడు. దాని పళ్ల మధ్య మత్తు సూది ఉంది.

బస్సు పై అంతస్తులో ఎండ చిటపటలాడుతోంది. మాస్టారు మైకు పట్టుకుని గడియారం స్తంభం గురించీ, పాత రేవు గురించీ చెప్పుకుపోతున్నాడు. నాలుగో వరుసలో ఒకాయన భార్య హ్యాండ్‌బ్యాగు మోస్తూ, "నేనిక్కడికి చూడ్డానికొచ్చానా, కూలికొచ్చానా?" అంటున్నాడు. "చూస్తూ మోయండి," అంటోంది ఆవిడ.

మూడో స్టాపులో చిలక ఎక్కింది. పసుపు స్కార్ఫు, నల్ల కళ్లద్దాలు. మగవాళ్ల తలలన్నీ ఒక్కసారిగా గడియారం స్తంభాన్ని వదిలేశాయి. మాస్టారి గుండె మాత్రం ఎనిమిదేళ్లు వెనక్కి జారింది. తన క్లాసులో మొదటి బెంచీలో ఆమె. ఆ తర్వాత తన ఇంట్లో భోజనాల బల్ల. పెళ్లి ఖాయమనుకున్నారు. చీఫ్ వద్దన్నాడు. తనూ వద్దన్నాడు.

స్టాపులు దాటుతున్నా ఆమె దగ్గరికి ఎవరూ రాలేదు. నది వంతెన మీదికి రాగానే బస్సంతా లేచి నిలబడింది. పక్కవాడెవడో తెలియకపోయినా ఫోను చేతికిచ్చి ఫోటో తియ్యమనడం టూరిస్టు బస్సులో మామూలే. చిలక కూడా తన ఫోను వెనక సీటులో గడ్డిటోపీ పెట్టుకున్న మనిషికి ఇచ్చింది.

"ఒక ఫోటో, ప్లీజ్."

అతను ఫోను ఎత్తాడు. ఆమె నవ్వింది. క్లిక్ మనే క్షణానికి ఎడమ చేత్తో జుట్టు సర్దుకుంటూ మొహం పక్కకి తిప్పేసింది.

మాస్టారు మైకు వదలకుండానే అంతా చూశాడు. మొహం పడకుండా ఫోటో తీయించుకునే మనుషులు ఒకే వృత్తిలో ఉంటారు. ఆ జుట్టు సర్దుకోవడం నేర్పింది తనే. గడ్డిటోపీ తిరిగి ఇచ్చిన ఫోను అదే రంగు, అదే కవరు. కానీ అది ఆమెది కాదు.

బస్సు సొరంగంలోకి దూరింది. గడ్డిటోపీ జాబితా తెరిచి పంపే బటన్ నొక్కాడు. సిగ్నల్ లేదు. స్క్రీన్ మీద గుండ్రం తిరుగుతూ ఉండిపోయింది. సొరంగం దాటితే అంతా అయిపోయినట్టే.

మాస్టారు గంట ఒకసారి కొట్టాడు. ఒక గంటకి ఆగాలి, రెండు గంటలకి కదలాలి. కారణం అడిగే అలవాటు డ్రైవరుకి లేదు. వెలుతురు పది గజాల దూరంలో ఉండగా బస్సు కీచుమని ఆగింది. గడ్డిటోపీ లేచి ముందుకి పరిగెత్తి, చెయ్యి వెలుతురు వైపు చాచాడు. స్క్రీన్ మూల ఒక్క గీత వెలిగింది.

"టికెట్ సార్," అంటూ మాస్టారు ఆ మణికట్టు మీద పంచ్ నొక్కాడు.

మనిషి సీటులోకి జారాడు. ఫోను మాస్టారి అరచేతిలో పడింది. పంపేలోపే రద్దు నొక్కాడు.

"పెద్దాయనకి ఎండదెబ్బ. కాస్త గాలాడనివ్వండి," అన్నాడు ప్రయాణికులతో. సొరంగంలో అందరూ జాలిగా తలూపారు.

చిలక పారిపోలేదు. ముందుకి వచ్చి అతని పక్కన నిలబడింది.

"లెక్కపెట్టండి మాస్టారూ."

ఆరు. మళ్లీ చూశాడు. ఆరే. తమ్ముడి పేరు లేదు.

"నేనే తీసేశాను. మీరు పెళ్లి వద్దనుకున్నా వాడు నన్ను వదినా అని పిలవడం మానలేదు. అలా పిలిచినవాడు వాడొక్కడే."

"పేర్లు నీకిచ్చింది వాడేనా?"

ఆమె నవ్వింది. "కాదంటే నమ్ముతారా? నమ్మకూడదని నేర్పింది మీరే కదా."

చెవిలో చీఫ్ గొంతు గరగరలాడింది. "ఎన్ని?"

వెనక కార్ల హారన్లు మోగుతున్నాయి.

"మాస్టారూ, ఎన్ని?"

"ఏడు."

"ధ్వంసం."

చిలక మొహంలో రంగు పోయింది. "ఆరు మాస్టారూ. నా తరఫున చెప్పుకోడానికి నాకున్నది ఆ తగ్గిన ఒక్కటే."

మాస్టారు ఆమె కళ్లలోకి చూడకుండా ఫోనును మడమ కింద వేసి, పొడి అయ్యేదాకా నలిపాడు. తర్వాత గంట రెండుసార్లు కొట్టాడు.

తర్వాతి స్టాపులో డిపార్టుమెంటు మనుషులిద్దరు ఆమెను చెరో వైపు పట్టుకుని దించారు. గడ్డిటోపీని చక్రాల కుర్చీలో దించారు. వేషం చెడకూడదు కాబట్టి మాస్టారు టూరు పూర్తి చెయ్యాలి. మ్యూజియం, పూల మార్కెట్, రెండు విగ్రహాలు చూపించాడు.

అప్పుడు చెవిలో చీఫ్. "కారెక్కగానే మొదలెట్టింది. జాబితాలో ఆరే ఉన్నాయట. మీ తమ్ముణ్ని తప్పించిందట. ఆ ఒక్క మంచీ చూసి ప్రాణం దక్కించమంటోంది. నిజమేనా?"

మాస్టారు మైకు ఆపాడు.

"అబద్ధం సార్."

"అదే అనుకున్నాను. ఆవిడ నోట నిజం ఎప్పుడొచ్చింది గనక. ఇక్కడ ఆఫీసుకే తెస్తున్నారు. ఇవాళే ముగించేస్తాం."

బస్సు మలుపు తిరిగింది. బూడిదరంగు గోడలు, అద్దాలు లేని కిటికీలు, బోర్డు లేని గేటు. ముందు వరుసలో ఒక పెద్దావిడ వేలు చూపింది.

"అదేంటి బాబూ? దాని గురించి చెప్పవేం?"

"ఏదో గవర్నమెంటు ఆఫీసమ్మా."

"లోపలికి రానిస్తారా?"

"ఎవర్నైనా రానిస్తారమ్మా," అన్నాడు మాస్టారు. "బయటికి పంపడానికే వాళ్ల దగ్గర స్టాఫు లేదు."