కుడివైపు బటన్

“ఇవాళ సరిగ్గా ఐదు గంటలకు కంచన్‌బాగ్ డిఫెన్స్ లాబ్ రహస్య ఫైలు దేశం దాటిపోతుంది. ఆపాలి,” అన్నాడు చీఫ్ సుందరరామయ్య.

“ఎక్కణ్ణుంచి సార్?” అడిగాడు ఏజెంట్ శశిధర్.

“లాడ్ బజార్. గాజుల కొట్టు మీద పెళ్ళికార్డులు వేసే డీటీపీ సెంటర్. కరెంటు తీసినా, ఫోన్ వైరు పీకినా లాభం లేదు. ఇంకెక్కడో రెండో కంప్యూటర్ కాచుకుని ఉంది, వెంటనే అది పంపేస్తుంది. ప్రోగ్రామ్‌లోనే రద్దు చెయ్యాలి. అప్పుడే రెండూ ఆగుతాయి.”

“పెట్టించింది ఎవరు?”

సుందరరామయ్య కళ్ళజోడు తుడుచుకున్నాడు. “రాగసుధ.”

లాబ్‌లో అనువాదకురాలు రాగసుధ. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఆమె కారిడార్లో నడిస్తే సైంటిస్టులు సైతం లెక్కలు మరిచిపోయేవారు. ఆ మనిషిని శశిధర్ వచ్చే సోమవారం రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్ళి చేసుకోబోతున్నాడు.

“ఫైళ్ళు ఎత్తుకుపోయే ముఠాలోకి ఆమెను పంపింది మనమే కదా సార్?”

“పంపింది మనమే. ఇప్పుడు ఎవరి మనిషో నాకు తెలియదు. ఆమె మాట నమ్మొద్దు. ఇది ఆర్డర్.”

అది 2001 మే నెల. నాలుగూ నలభై నాలుగుకు యూపీఎస్ మెకానిక్ వేషంలో శశిధర్ డీటీపీ సెంటర్ మెట్లెక్కాడు. ఖాకీ చొక్కా, చేతులకు నూనె మరకలు. చేతిలోని మల్టీమీటర్ నిజానికి రహస్య మైకులను పసిగట్టే పరికరం. అది కిక్కురుమనలేదు. గదిలో ఓనర్ బీరయ్య, ఒక కంప్యూటర్, అంతే.

తెర మీద ఎర్ర అంకెలు వెనక్కి నడుస్తున్నాయి. కింద రెండు బటన్లు. రెండింటి మీదా వరసగా ప్రశ్నార్థకాలు, ఒక్క అక్షరం లేదు.

“ఏమిటిది?”

“నాకేం ఎరుక సార్. ఒక మేడమ్ సీడీ ఇచ్చింది, ఫ్యాక్స్ సాఫ్ట్‌వేర్ అన్నది. ఏసిన.”

“మొదటి పేజీలో ఏ భాష కావాలని అడగలేదా?”

“అడిగిందేమో. గవన్నీ ఎవరు చదువుతరు? నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. బజార్ల అందరం గట్లనే ఏస్తం.”

అబద్ధమేం కాదు. మన ఊళ్ళో సాఫ్ట్‌వేర్ వేయడమంటే అదే. సెటప్ అడిగింది చదివినవాణ్ణి చేతకానివాడంటారు. లిస్టులో మొదటి భాష ముఠావాళ్ళ సొంత భాష. చూడకుండా నొక్కితే అదే పడింది. ఆ లిపి బీరయ్య మెషీన్‌లో లేదు. పాపం కంప్యూటర్ మాత్రం ఏం చేస్తుంది, ప్రశ్నార్థకాలు చూపించింది.

రెండింట్లో ఒకటి రద్దు. రెండోది, ఇప్పుడే పంపు. ఏది ఏది?

సెల్‌ఫోన్ మోగింది.

“పెరుగు తోడుకుందా?” రాగసుధ గొంతు. అది వాళ్ళిద్దరి కోడ్.

“ఇంకా పాలే. ఎక్కడున్నావు?”

“ముందు విను శశీ. కుడివైపు బటన్ నొక్కు. అదే రద్దు, వాళ్ళ దగ్గర చూశాను. నొక్కేసి వచ్చెయ్. హుస్సేనీ ఆలంలో కట్టెల అడితి పక్క సందు, పచ్చ తలుపు. నా సంగతి వీళ్ళకు తెలిసిపోయింది. గదిలో పెట్టి తాళం వేశారు, ఈ ఫోన్ ఒక్కటే వాళ్ళ కంట పడలేదు. ఐదింటికి వాళ్ళ మనిషి వస్తాడు.”

ఆ ఇల్లు పది నిమిషాల నడక. గడియారంలో నాలుగూ నలభై ఏడు.

“నిన్నెలా నమ్మను సుధా? అక్క పెళ్ళని బెజవాడ వెళ్ళావు. నీకు అక్కే లేదు.”

“ఏడాదిగా అందరికీ అబద్ధాలే చెప్పాను. నీకూ చెప్పాను. ఇదొక్కటి మాత్రం అబద్ధం కాదు.”

లైన్ తెగిపోయింది.

శశిధర్ మౌస్ కుడివైపుకు జరిపాడు. వేలు కదల్లేదు. కుడివైపుదే ‘పంపు’ అయి, తనచేత నొక్కించే ఎత్తు ఇదే అయితే? హుస్సేనీ ఆలంకు మనుషుల్ని పంపమని చీఫ్‌కు చెబుదామా? కింద బజార్లో మఫ్టీలో ఉన్న మనవాళ్ళ కాపలా తీయించే ఎత్తు అదే అయితే? ప్రేమించిన మనిషి గురించి ఇలా ఆలోచించాల్సి రావడమే నరకం. అయినా ఆలోచించాడు.

“ఆ సీడీ ఉందా?”

“ఉన్నది సార్.”

“పెట్టు. సెటప్ మళ్ళీ నడుపుతాను.”

ఈసారి ప్రతి లైనూ చదివాడు. ఉన్న ప్రోగ్రామ్ తీసేయాలా, మార్చాలా? మార్చాలి. భాష? ఇంగ్లీష్. డ్రైవ్ మూలిగింది. అరవై రెండు శాతం దగ్గర గీత ఆగిపోయింది. నాలుగూ యాభై నాలుగు.

“ఫికర్ చెయ్యకుండ్రి, గది గట్లనే ఆగుతది,” అని బీరయ్య సీపీయూ మీద అరచేత్తో ఒకటి వేశాడు.

గీత కదిలింది. డెబ్భై. ఎనభై. మళ్ళీ ఆగింది. ఐదుకు ఇంకా పది సెకన్లుందనగా తెర మీది సెటప్ పెట్టె మూసుకుని, ప్రోగ్రామ్ శుభ్రమైన ఇంగ్లీషులో తెరుచుకుంది.

ఎడమవైపు: సెండ్ నౌ. కుడివైపు: క్యాన్సిల్.

నాలుగు సెకన్లు మిగిలుండగా కుడివైపు నొక్కాడు. రెండు మెషీన్లలోనూ రద్దయిందని తెర మీద మెసేజ్ వచ్చింది.

“అయిపాయె కద సార్,” అన్నాడు బీరయ్య సంతోషంగా. “గట్ల ఏడుస్తున్నరేంది?”

శశిధర్ మెట్లు దూకాడు. గాజులు బేరమాడే ఆడవాళ్ళనూ తోపుడు బళ్ళనూ తోసుకుంటూ, తిట్లు తింటూ పరుగెత్తాడు. ఐదూ ఏడుకు సందు దొరికింది. పచ్చ తలుపు బార్లా తెరిచి ఉంది.

రాగసుధ గుమ్మం వైపు తిరిగి పడి ఉంది. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. ఆ చెయ్యి పట్టుకుని, “నమ్మాల్సింది సుధా, నమ్మాల్సింది,” అంటూ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇరుగుపొరుగు వచ్చి, యూపీఎస్ మెకానిక్కు ఈమె ఏమవుతుందో తెలియక, మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టారు.

మర్నాడు చీఫ్ రిపోర్టు ఫారం ముందుకు తోశాడు. అందులో ‘ఆలస్యానికి కారణం’ అని ఒక గడి. శశిధర్ చాలాసేపు చూసి, ‘సాఫ్ట్‌వేర్ భాష సరిచేయవలసి వచ్చింది’ అని రాసి సంతకం పెట్టాడు.

నెల తిరక్కుండా డిపార్ట్‌మెంట్ అతనికి ప్రశంసాపత్రం ఇచ్చింది, ఎవరినీ తేలిగ్గా నమ్మనందుకు.