ఇద్దరూ గెలిచే తెర

2071 నాటికి హన్మకొండ చౌరస్తాలో తెరల దుకాణాలు పదకొండు ఉన్నాయి. టీవీ తెర పెట్టెలో రావడం మానేసి చాలాకాలమైంది. బట్టలాగా తానుల్లో వచ్చేది. గోడ కొలత చెబితే కత్తెరతో కోసి, చుట్ట చుట్టి చేతికిచ్చేవారు. మానిటర్ మాత్రం ఇంకా గాజుదే. బటన్ నొక్కడానికీ తెర మీద బొమ్మ కదలడానికీ మధ్య ఆలస్యం అందులో లేదు కాబట్టి గేమ్‌లు ఆడేవాళ్లు దాన్నే అడిగేవారు.

శివాత్మిక ఎక్కింది ఆరో దుకాణం. అప్పటికే అయిదింట్లో పోట్లాడి వచ్చింది.

"పిల్లల గేమ్ కన్సోల్‌కాండీ? ఎంతమంది ఆడతారు?" అని అడిగాడు భార్గవ. అతను దుకాణం మనిషి కాదు. కొత్త తెరను చూపించడానికి కంపెనీ పంపిన ఇంజనీరు.

"ఇద్దరు. బిడ్డకు పదకొండేండ్లు, పిలగానికి తొమ్మిది. ఒకళ్లంటె ఒకళ్లకు పడది."

"అయితే రెండు మానిటర్లు తీసుకోండి."

"తీస్కున్న. ఒకటి పగిలింది. పగిలిన ముక్కతోటే వాని నుదుటికి నాలుగు కుట్లు పడ్డయి. ఇంకోటి చెప్పు."

"ఇద్దరికీ కలిపి ఒక పెద్ద టీవీ?"

"అది మొదటిసంది ఉన్నదే. దాని ముంగట కూసునే కొట్టుకున్నరు. ఇంకొక్కసారి నెత్తురు చూస్తే ఇద్దర్ల ఒకళ్లను హాస్టల్ల వేస్తమని బడి ప్రిన్సిపాల్ రాసి పంపింది. ఎవరిని పంపాల్నో నన్నే చెప్పుమన్నది. నీకు పిల్లలున్నరా?"

"లేరండీ."

"మరింక నీకేం తెలుస్తది!"

భార్గవ గోడకు వేలాడుతున్న తెర ముందు ఆమెను ఎడమవైపు నిలబెట్టి, తాను కుడివైపుకు వెళ్లాడు.

"నాకు ఏనుగు కనిపిస్తోంది. మీకు?"

"ఏనుగెక్కడిది? చెరువున్నది."

ఆమె నాలుగడుగులు కుడికి జరిగింది. చెరువు ఆమెతో పాటే వచ్చింది. అతను తెరను చూపించి చెప్పుకుంటూ పోయాడు. తెరలోని ప్రతి బిందువు మీదా ఒక కటకం ఉంటుంది. అది వెలుగును తొంభై దిక్కులకు విడివిడిగా పంపుతుంది. పైనున్న కెమెరా చూసేవాళ్ల కళ్లు ఎక్కడున్నాయో పట్టుకుంటుంది. ఎవరి కళ్లకు వాళ్ల బొమ్మ చేరుతుంది. శబ్దం కూడా అంతే, ఎవరి చెవికి వాళ్లది. ఇంజనీర్లు దాన్ని డైరెక్షనల్ పిక్సెల్ అనేవారు. కంపెనీ పెట్టిన పేరు దిశాదీప్తి.

"ఆట ఒకటే నడుస్తుంది. చివర్లో మాత్రం పాపకు పాప గెలిచినట్టు, బాబుకు బాబు గెలిచినట్టు కనిపిస్తుంది. ఓడితేనే కదండీ గొడవ?"

"పిల్లలకు అబద్ధం చెప్పుమంటున్నవ్."

"చెప్పేది మీరు కాదు కదండీ."

ఆ మాట ఆమెకు నచ్చలేదు. అయినా గోడ కొలత చెప్పి, కొయ్యమంది.

ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. శివాత్మికే పెట్టింది. ఓడినవాళ్లు లేచివెళ్లి గెలిచినవాళ్లకు గ్లాసుడు నీళ్లు తెచ్చి ఇవ్వాలి. ఆ సంగతి భార్గవకు చెప్పాలని ఆమెకు తోచలేదు.

మొదటి సాయంత్రం కార్ల పందెం అయిపోయింది. ఇద్దరిలో ఒక్కరూ లేవలేదు.

"పో, నీళ్లు తేపో," అన్నాడు రుద్రాంశ్.

"నేనెందుకు తెస్త? ఓడినోనివి నువ్వు," అంది ఓజస్వి.

"నేను గెలిచిన! తెర మీద ఉన్నది చూడు, గుడ్డిదానా."

"చూసే మాట్లాడుతున్న, తొండోడా."

తెర అబద్ధం చెబుతుందని ఇద్దరిలో ఎవరికీ అనుమానం రాలేదు. ఎదుటివాళ్లు అబద్ధాలకోర్లని ఇద్దరికీ ముందే తెలుసు. రుద్రాంశ్ అక్క జుట్టు అందుకున్నాడు. ఓజస్వి కంట్రోలర్ ఎత్తింది. అది దిగేలోపు శివాత్మిక ఆ చెయ్యి పట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే భార్గవకు ఫోన్ చేసింది.

"నీ తెర పాడుగాను! నిన్న ఇంకో నాలుగు కుట్లు పడుతుండె."

అతను నీళ్ల సంగతి విన్నాడు. "తెర సరిగ్గానే పనిచేసింది మేడమ్. గెలిస్తే చాలనుకున్నాం, చాలదని మాకూ ఈ మధ్యనే తెలిసింది. ఎదుటివాళ్లు ఓడిపోయామని ఒప్పుకోవాలి. దానికి అప్‌డేట్ ఉంది. నీళ్ల పద్ధతి మానిపించండి."

అప్‌డేట్ తర్వాత, ఆట అయిపోగానే తెర మూలన ఎదుటివాళ్ల ముఖం కనిపించేది. కెమెరా తీసిన ముఖమే. పెదవులు వంచడం, కన్నీళ్లు పెట్టించడం తెర పని. 'నేనే ఓడిన' అని ఆ గొంతుతోనే అనిపించేది కూడా.

"పక్కపక్కనే కూసుంటరు గదా. ఒక్కసారి మొఖం తిప్పి చూస్తే?"

"తిప్పరు మేడమ్. ఆరువందల ఇళ్లల్లో పరీక్షించాం. తిప్పి చూసినవాళ్లు పధ్నాలుగు మంది."

పదిహేడు రోజులు ఇంట్లో చెయ్యి లేవలేదు. బడికి ఆమె రెండు ఉత్తరాలు రాసింది, పిల్లలు కలిసిపోయారని.

పద్దెనిమిదో రోజు ఆదివారం. మధ్యాహ్నం పిల్లలిద్దరూ కంచాలు ఒళ్లో పెట్టుకుని తెర ముందు కూర్చున్నారు. శివాత్మిక కూర వడ్డించడానికి వంగింది. రుద్రాంశ్ చిన్న గొంతుతో తెరతో మాట్లాడుతున్నాడు.

"ఇంకింత ఏడిపియ్యి."

తెర ఏమని అడిగిందో ఆమెకు వినపడలేదు. అది వాడి చెవికి మాత్రమే.

"నేను తినుడు అయ్యేదాక," అన్నాడు వాడు.

పక్కన ఓజస్వి కూడా గోడకేసి చూస్తూ తింటోంది. మధ్యమధ్యలో నవ్వుతోంది. ఇద్దరూ కూర మారు అడిగారు.

తిన్నాక పిల్లలు ఆడుకోవడానికి కిందికి పోయారు. శివాత్మిక తెర ముందు నిలబడి, భార్గవకు ఫోన్ కలపమని దానికే చెప్పింది. గోడ మీద అతని ముఖం వచ్చింది.

"రేపు పొద్దుగాల్ల వచ్చి దీన్ని గోడమీదికెళ్లి పీక్కపో. కొట్టుకుంటున్నరని తెస్తే, నా పిల్లలను ఏం జేసి పెట్టినవ్! ఒకళ్ల ఏడుపు చూసుకుంట ఒకళ్లు బువ్వ తింటున్నరు. నా గాశారం బాగలేక గాకుంటె నీ మాటెందుకు విన్న?"

అతను తల దించుకున్నాడు.

"తప్పు నాదే మేడమ్. మొదటిరోజే మీరన్నారు, అబద్ధమని. నేను వినలేదు." కళ్లు తుడుచుకున్నాడు.

తప్పు నాదే అన్న మనిషి ఆమెకు ఈ ఏడాదిలో తగల్లేదు. ప్రిన్సిపాల్ అనలేదు. అయిదు దుకాణాల వాళ్లు అనలేదు. కన్నపిల్లలు అనలేదు. ఛాతీ మీది బరువు ఎవరో దించినట్టయింది.

"సరె, ఏడువకు. మనిషన్నంక తప్పు చెయ్యడా? ఏడువకు బిడ్డా. తెర ఉండనియ్యి, తర్వాత చూద్దాం."

తెర ఆగింది. గుమ్మంలో ఓజస్వి నిలబడి ఉంది. బంతి కోసం వచ్చింది.

"ఎవరు ఏడ్చిన్రమ్మా?"

"ఆ ఇంజనీరు. పాపం, మంచోడే."

"ఏడువలే. నేను చూసిన గదా? పండ్లు ఇకిలించిండు. కోసిన తెర వాపస్ తీస్కునేది లేదని చెప్పిండు. నువ్వేమో ఊకె ఏడువకు, ఏడువకు అంటున్నవ్."

శివాత్మిక గోడను చూసింది. ఆ తర్వాత బిడ్డను చూసింది. ఓజస్వి చూపు తెర మూలకు పోయింది, రోజూ తమ్ముడి ముఖం కనిపించే చోటికి. కింద నుంచి రుద్రాంశ్ కేకలు వినిపిస్తున్నాయి. నవ్వుతున్నాడు. పిల్ల ఆ నవ్వు విన్నది. మళ్లీ మూలను చూసింది.

తమ్ముడి ఏడుపూ అబద్ధమేనా అని అడుగుతుందని శివాత్మిక ఎదురుచూసింది. ఏం చెప్పాలో మనసులో పేర్చుకుంది.

ఓజస్వి బంతి చంకలో పెట్టుకుంది.

"తమ్మునికి చెప్పకమ్మా," అంది. "వానికి తెలిస్తే తెర పీకేస్తడు. మేం పైకొచ్చేదాక తెర నువ్వే పెట్టుకుని చూస్కో."

మెట్ల మీద పిల్ల అడుగుల చప్పుడు ఆగేదాకా శివాత్మిక కదలలేదు. తర్వాత చెంగుతో ముఖం తుడుచుకుని తెరకు ఎదురుగా, నడిమధ్యన కుర్చీ వేసుకుంది.

"బడి ప్రిన్సిపాల్‌కు కలుపు," అంది.